గత్వా అంటే పులి

మొన్న కారు కోసం షువైఖ్ గ్యారేజీకి పోతే, పెయింటర్ కిరసనాయిలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ వాసనకు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు మా నాయన ఈ అరబ్బు దేశంలోనే, సముద్రం ఒడ్డు రిసార్టులో ఆటపాటల జట్టులో ఉండేవాడు. ఈజిప్టు గారడీవాడు, ఫిలిప్పీను పాటగత్తెలు, వాళ్ల మధ్య మా నాయన పులేషం. కడపలో పీర్ల పండక్కి ఆయన ఎగిరితే పెద్దోళ్లు కూడా జడిసి పక్కకు తప్పుకునేవాళ్లంట. ఇక్కడేమో మేనేజరు ఎగరమంటా మైకులో "యల్లా, గత్వా!" అని అరిచేవాడు, వాడి నోరు పడిపోను. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. అరబ్బీలో పులిని అట్లే అంటారనుకుని నేనూ "గత్వా! గత్వా!" అని గొంతు చించుకునేదాన్ని.

ఒకరోజు హవల్లీలో మా ఇంటి మెట్ల కింద పిల్లి దూరింది. పక్కింటి అరబ్బు పాప దాన్ని "గత్వా, గత్వా" అని పిలిచింది.

ఆ సాయంత్రం నాయన కిరసనాయిలు గుడ్డతో ఒంటిమీది చారలు తుడుచుకుంటున్నాడు.

"గత్వా అంటే పిల్లి గదా నాయనా?" అన్నాను ఏడుస్తా.

"ఎవరు చెప్పింది? పులేమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ మైకు పట్టుకున్నోడిని నేనెప్పటికీ క్షమించను. పులిలాంటి మనిషి చేత కన్నబిడ్డకు అబద్ధం చెప్పించాడు.