బాలరాజు ఎత్తిన చేతులు

తార్నాక సందులోని ఆ చిన్న సంఘంలో పేరయ్య పాస్టరుగారు "చేతులెత్తండి" అంటే ఎత్తని చెయ్యి ఉండదు. పాటకు ఎత్తుతారు, ప్రార్థనకు ఎత్తుతారు, ఆరాధన అయ్యాక బిర్యానీ ఉందంటే ఇంకా పైకెత్తుతారు. మాణికేశ్వర్ నగర్ బాలరాజుకు ఈ అలవాటు ఉగ్గుపాలతో వచ్చింది. చివరికి అదే అతణ్ణి పరాయి దేశపు నీళ్లలో ముంచింది.

యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే బాలరాజును సంఘం రెండు వారాల సువార్త యాత్రకు ఉగాండా పంపింది. బయలుదేరే ముందు అందరూ కలిసి అతని నెత్తిన చేతులుంచి ప్రార్థించారు. ఆ బరువుకు మెడ పట్టేసి, విమానంలో దారిపొడవునా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడట.

తిరిగొచ్చిన మర్నాడే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద స్నేహితుడు నరేందర్ దొరకబుచ్చుకున్నాడు.

"ఏందిరా, ఎంతమందిని మార్చినవ్?"

"ఒక్కణ్ణి."

"విమానం ఎక్కి పోయి ఒక్కణ్ణేనా? ఎవడ్రా వాడు?"

"నేనే."

జరిగింది ఇదీ. అక్కడ అతను చేరిన బృందంలో ఒక్కొక్కరినీ ఒక్కో పల్లెకు పంపారు. బాలరాజు వెళ్లిన పల్లెలో చర్చి ఎంత పెద్దదంటే, తార్నాక సంఘం మొత్తం దాని చెప్పుల స్టాండులో పడుతుంది. బాలరాజు బోధించడానికి గొంతు సవరించుకునేలోపే వాళ్లు పాట అందుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు. ఎండకు, పాటకు అతనికి కునుకు పట్టింది. చివర్లో అక్కడి బోధకుడు ఇంగ్లీషులో, "ఈరోజే మొదటిసారి ప్రభువును నమ్ముకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. బాలరాజు చెవిన చివరి మాటే పడింది. రెండు చేతులూ ఎత్తేశాడు.

కళ్లు తెరిచి చూస్తే ఇంకో చెయ్యి లేదు. వాళ్లంతా తాతల కాలంలోనే నమ్ముకున్నవాళ్లు. డోళ్లు మోగాయి. ముసలమ్మలు ఏడుస్తూ కౌగిలించుకున్నారు. ఎక్కడో ఇండియా నుంచి వచ్చి ఒక బిడ్డ దొరికాడని ఊరంతా అతణ్ణి చెరువు దాకా ఊరేగించింది. కాదు మొర్రో అని అతను నోరు తెరిచినప్పుడల్లా వాళ్లు ఇంకో చరణం ఎత్తుకున్నారు. ముంచి లేపారు.

నరేందర్ నవ్వి నవ్వి రెండు మెట్లు కిందికి జారాడు. "మరి ఆదివారం సంఘం ముందట సాక్ష్యంల ఏం చెప్తవ్?"

"గదే సమజైతలేదు. నాకు బాప్తిస్మం ఇచ్చింది మా పేరయ్య అయ్యగారేనాయె. మళ్ల మునిగిన అంటే ఆయనిచ్చింది చెల్లలేదన్నట్టే గదా! పరువు పోతది."

"యాభై మంది అని చెప్పెయ్. గాడికి పోయి చూసేటోడెవడు?"

"పుల్పిట్ కాడ నిలబడి అబద్ధమాడాల్నా?"

ఆదివారం వచ్చింది. నానమ్మ కాశమ్మ తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. పేరయ్యగారు మైకు అందించారు.

"ఎన్ని ఆత్మలు దొరికినయి బిడ్డా?"

బాలరాజు నిజమే చెప్పాడు. "ఒక్కటే అయ్యగారూ."

"హల్లెలూయా! ఒక్క ఆత్మ చాలు, పరలోకమంతా పండగే! ఆ ఆత్మ పేరేంది?"

"బాలరాజు."

పేరయ్యగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "విన్నరా సంఘమా! బాప్తిస్మంల మనోని పేరే పెట్టుకున్నడంట!"

"స్తోత్రం!" అని రేకుల కప్పు అదిరింది.

"అయ్యో, గట్ల కాదు అయ్యగారూ! ఆ బాలరాజు నేనే!"

"అవును బిడ్డా! ప్రభువులో వాడూ నువ్వూ ఒక్కటే! ఈ తగ్గింపు మనసు జూడుండ్రి!"

మైకు చేతులు మారింది. మధ్యాహ్నానికి బాలరాజు యువజన కార్యదర్శి అయ్యాడు.

ఇక ఉగాండా బాలరాజు విశ్వాసంలో స్థిరపడాలని ప్రతి ఆదివారం ప్రత్యేక ప్రార్థన. పేరయ్యగారు "చేతులెత్తండి" అనగానే సంఘమంతా ఎత్తుతుంది. మన బాలరాజు మాత్రం రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుంటాడు.

మొన్న కాశమ్మ ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసింది. "ఏందిరా, చేతులు నొస్తున్నయా?"

"లేదు నానమ్మా. ఒకసారి ఎత్తి చూసిన."

అలా అని, ఉగాండాలో తన పేరు పెట్టుకున్న ఆ ఒక్కడి కోసం అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పాడు.