మరక పడని గుడ్డ

నేను ఎం.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్నప్పుడు మా ఇంట్లో వంకాయ కూర బాగా తగ్గిపోయింది. అమ్మ తెచ్చిన వంకాయల్లో లేతవన్నీ ముందే ఏరుకుని కాలేజీకి పట్టుకుపోయేదాన్ని. ఎందుకే అని అమ్మ అడిగితే "ప్రాజెక్టుకి" అని ఒక్క మాట చెప్పి తప్పుకునేదాన్ని. రెండో మాట నాకు అంత తొందరగా రాదు. ఇంటికి చుట్టాలు వస్తే వెనక వాకిట్లో బట్టలు ఆరేసే పని పెట్టుకునే మనిషిని. ఆరిన బట్టలను మళ్లీ ఆరేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ప్రాజెక్టు ఏమిటో చెబుతాను. వంకాయ కోసి వదిలేస్తే నల్లబడుతుంది. అందుకే ముక్కలను నీళ్లలో వేస్తారు. దాన్ని నల్లబరిచే ఎంజైమే, టీకి వగరునిచ్చే పదార్థాల మీద కూడా పనిచేస్తుంది. వంకాయ రసాన్ని ఒక పల్చటి గుడ్డముక్కకు పట్టించి, ఆ ముక్కను ఎలక్ట్రోడ్ కొనకు రబ్బరు బ్యాండుతో కట్టి టీలో ముంచితే, ఎంజైమ్ పనిచేసిన మేరకు చిన్న కరెంటు పుడుతుంది. మీటరు మీద ఆ కరెంటు చూపే అంకెను బట్టి టీలో ఆ పదార్థాలు ఎంత ఉన్నాయో లెక్క కట్టవచ్చు. దీన్ని బయోసెన్సర్ అంటారు. ఈ పనిని నాకిస్తూ మా గైడు మేడం, ఖర్చు తక్కువ, నీకు సరిపోతుంది అన్నారు. నాకు సరిపోయింది ఖర్చు తక్కువని కాదు, వంకాయలతోనూ టీతోనూ మాట్లాడాల్సిన పని లేదని.

చిక్కంతా గుడ్డ దగ్గర మొదలైంది. మా నాయనకు తమిళనాడులోని మా ఊరు రాజపాళయంలో చిన్న పవర్‌లూమ్ షెడ్డు ఉంది. ఆస్పత్రులకు వెళ్లే బ్యాండేజి గుడ్డ నేయిస్తారు. నేసిన గుడ్డను ఊరి బయట ఒక బ్లీచింగ్ యూనిట్‌కు పంపి తెల్లగా చేయించి, చుట్టలు చుట్టి అమ్ముతారు. నాకు పల్చటి గుడ్డ కావాలని అమ్మ నోట వినగానే ఆయన మనసు నొచ్చుకుంది.

"ఇంట్లో ఇంత గుడ్డ పెట్టుకోని బయట కొంటావా పాపా? ఆస్పత్రిలో డాక్టర్లే వాడే గుడ్డ ఇది" అన్నారు.

మర్నాడు ఒక కట్ట వచ్చింది. ఎండలో విప్పితే కళ్లు చికిలించాల్సినంత తెలుపు. దాని చుట్టూ దుమ్ము పడకుండా కాడా గుడ్డ చుట్టి ఉంది. కాడా అంటే బ్లీచింగ్ కాని గుడ్డ, మగ్గం మీద నుంచి దిగినట్టే గోధుమ రంగులో ఉంటుంది.

ఆ రోజు నుంచి నాయన ఊరంతా చెప్పుకున్నారు. షెడ్డు పక్క టీ కొట్టులో చెప్పారు, పెళ్లి భోజనాల వరసలో చెప్పారు, బైకుకు పంక్చర్ వేసే మనిషికి కూడా చెప్పారు. మన గుడ్డతోనే మా పాప టీని పరీక్ష చేసే మిషిను చేస్తా ఉండాది అని. ఆ మాట సేత్తూరులో ఉన్న మా అత్త దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి, నేను టీలో విషం కనిపెట్టే మిషిను చేశానని అయింది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, మాత్రం అందులో వేరే ఉపయోగం కనిపించింది. తన చిన్న కోడలు టీపొడి తక్కువ వేసి పాలు ఎక్కువ పోస్తుందని అవ్వకు ఎప్పటి నుంచో అనుమానం. ఒక పొద్దున నా సంచిలో మూత బిగించిన చిన్న సీసా కనిపించింది. పిన్ని పెట్టిన టీ. పరీక్ష చేసి ఎవరికీ చెప్పకుండా తన ఒక్కదానికే చెప్పాలట.

చెప్పడానికి మిషిను పనిచేస్తే కదా. ఏ టీలో ముంచినా అంకె కదలలేదు. మేడం ముందు వంకాయను అనుమానించారు. తెల్ల వంకాయ, నల్ల వంకాయ, పొడుగు వంకాయ అన్నీ అయ్యాయి. తరువాత ఫ్రిజ్‌ను అనుమానించారు. ఆ తరువాత నన్ను అనుమానించడం మొదలుపెట్టారు, నోటితో అనలేదు గానీ నా పక్కనే నిలబడి నేను కొలిచింది మళ్లీ కొలిచేవారు.

ఒకరోజు తెల్ల గుడ్డ ఇంట్లో మరిచిపోయి వచ్చాను. సంచి అడుగున కట్టకు చుట్టిన కాడా గుడ్డ ఉంది. గంజి పోయేదాకా ఉతికి, ఒక ముక్క కత్తిరించి, వంకాయ రసం పట్టించి కట్టాను. టీలో ముంచగానే అంకె పైకి లేచింది. తీసి కడిగి మళ్లీ ముంచాను. మళ్లీ లేచింది. మేడం వచ్చి చూసి, ముందు రోజు వాడి పడేసిన తెల్ల ముక్కను అటూ ఇటూ తిప్పి, దీంట్లో బ్లీచింగ్ మందు పూర్తిగా పోలేదు, అదే ఎంజైమ్‌ను చంపేస్తోంది, ఏ గుడ్డ పనిచేయలేదో ఎందుకు చేయలేదో రిపోర్టులో వివరంగా రాయి అన్నారు. వచ్చే శనివారం ప్రాజెక్టుల ప్రదర్శన ఉంది, అమ్మానాన్నలను పిలుచుకోవచ్చు అని కూడా అన్నారు.

పిలవాల్సిన పని లేదు. నాయన అప్పటికే కొత్త చొక్కా ఇస్త్రీ చేయించారు. తన దగ్గర గుడ్డ కొనే మదురై ఆయన్ని కూడా వెంట తీసుకొస్తానని చెప్పారు. ఆయన ముందు, మా రిపోర్టులో, మా గుడ్డ పనికిరాలేదని ఉంటుంది. శనివారంలోగా నాయనకు నేనే చెప్పాలి.

డైరీలో ఆ మాటను మర్యాదగా ఎలా చెప్పాలో రాసుకున్నాను. ఒక పేజీలో తప్పు గుడ్డది కాదు వాతావరణానిది అయింది. ఇంకో పేజీలో వంకాయది. అన్నీ చదువుకుంటే ఎక్కడా అసలు సంగతి లేదు. ఇక నోటిని నమ్ముకుని లాభం లేదు, కళ్లకే చూపిద్దాం అనుకున్నాను.

ఆ సాయంత్రం నాయన అన్నానికి కూర్చునే ముందు రెండు స్టీలు ప్లేట్లలో తెల్ల ముక్క ఒకటి, కాడా ముక్క ఒకటి పరిచాను. రెండింటికీ వంకాయ రసం పట్టించి, పైన గ్రీన్ టీ పోశాను. మామూలు టీ అయితే రంగు మార్పు తెలియదు. అవ్వ గ్లాసులోకి తొంగి చూసి, "ఇది టీనా, టీ గ్లాసు కడిగిన నీళ్లా" అంది. అందరం కూర్చుని చూశాం. కాసేపటికి కాడా ముక్క మీద గోధుమ రంగు ముదిరి, చింతపండు రసం పోసినట్టు అయింది. తెల్లది తెల్లగానే ఉంది. ఇక చూస్తేనే అర్థమవుతుందని నేను ఒక అడుగు వెనక్కి జరిగాను.

నాయన ముఖం వెలిగిపోయింది.

"చూస్తివా? మన గుడ్డకు కరై పట్టనే లేదు. కాడా చూడు, ఎట్ల చెడిపోయినాదో."

కరై అంటే మరక. గుడ్డ వ్యాపారికి మరక పడలేదంటే అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ఈ సంగతి నేను కొంచెం ముందుగా ఆలోచించి ఉండాల్సింది. ఆయన ఫోన్ తీసి రెండు ప్లేట్లనూ ఫోటో తీశారు. మదురై ఆయనకు పంపుతాను, టీ పోసినా వంకాయ పోసినా అంటని గుడ్డ అని రాస్తాను అన్నారు. అమ్మ వెలుతురు చాల్లేదని ఇంకో లైటు వేసింది.

"పంపొద్దు నాయనా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవ్వ కూడా ప్లేటు మీది నుంచి తల ఎత్తింది.

"ఏమి?"

"కరై పట్టాల. పట్టితేనే అది పని చేసినట్టు. తెల్ల గుడ్డలో బ్లీచింగ్ మందు మిగిలి ఉండాదని మేడం చెప్పినారు. దానికే ఎంజైమ్ చచ్చిపోతా ఉండాది."

నాయన ముక్కను ఎత్తి వాసన చూశారు. ఏ వాసనా రాలేదని అన్నారు. మంచి యూనిట్ అది, ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నాం అన్నారు. మీ మేడంకు గుడ్డ గురించి ఏమి తెలుసు అన్నారు. నేను ప్రతిదానికీ తల ఊపాను. చివరికి ఆయన, "తల ఊపితే నాకేమి తెలుస్తాది? నోటితో చెప్పు. మందు ఉండాదా లేదా?" అన్నారు.

"ఉండాది నాయనా. ఇది పుండు మీద కట్టే గుడ్డ."

ఆయన ఫోటోను తుడిచేసి, చెప్పులు తొడుక్కుని, బైకు తీసి బ్లీచింగ్ యూనిట్ వైపు వెళ్లిపోయారు. వడ్డించిన అన్నం మీద అమ్మ ఇంకో ప్లేటు మూసింది. కొడుకును అన్నం ముందు నుంచి లేపినానని అవ్వ నన్ను తిట్టింది, మధ్యలో ఆపి పిన్ని టీ సంగతి ఏమైందని గొంతు తగ్గించి అడిగింది.

ఆ లాటు గుడ్డ మొత్తం మళ్లీ ఉతికించారు. యూనిట్ వాళ్లతో పెద్ద గొడవే అయిందని తరువాత అమ్మ చెప్పింది. శుక్రవారం సాయంత్రం నాయన ఒక తెల్ల ముక్కను పేపరులో చుట్టి తెచ్చి నా ముందు పెట్టారు. పెట్టి, అన్నం దగ్గరికి వెళ్లకుండా నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముక్కను స్టీలు ప్లేటులో పరిచి, వంకాయ రసం పట్టించి గ్రీన్ టీ పోశాను. కాసేపు ఏమీ కాలేదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. గుడ్డ అంచున ముందు లేత పసుపు కనిపించింది, అది నెమ్మదిగా నడుమకు పాకి గోధుమ రంగయింది.

"పట్టినాది" అన్నారు నాయన, బిడ్డకు జ్వరం తగ్గిందని చెప్పినంత మెల్లగా. "చూడు, కరై పట్టినాది."

అమ్మ అలవాటుగా ఆ ముక్కను తీసి సబ్బు నీళ్ల బకెట్లో వేయబోయింది. నాయన చెయ్యి అడ్డం పెట్టారు. రేపు మదురై ఆయనకు చూపించాలట.