షావుకారు ఇచ్చిన నీలం డ్రమ్ములు

మొన్న మిద్దె మీది కుండీలకు నీళ్లు పట్టడానికి కొత్త పైపు కొన్నాను. చుట్ట విప్పగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. పైపును అక్కడే పడేసి కాసేపు ఒకణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను. ఎవర్నని మా ఆయన అడగలేదు. ఆయనకు తెలుసు.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, డోన్ బయట ఇలాంటి పైపులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. ప్లాస్టిక్ పొడిలో నూనె కలపడం ఆమె పని. నూనె అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు. నిజానికది పైపు మెత్తగా వంగేందుకు కలిపే ప్లాస్టిసైజర్ అనే రసాయనం. చేతులకు తొడుగుల్లేవు, షెడ్డుకు ఫ్యాను లేదు. పైగా మా ఎండలకు కాళ్లు పగుళ్లు బారతాయి గదా, ఆడవాళ్లు ఆ నూనెనే మడమలకు రాసుకునేవాళ్లు. మడమలు నున్నబడేవి, అదొక గొప్ప. ఉగాదికి ఫ్యాక్టరీ షావుకారు ఒక్కొక్కరికీ ఖాళీ నీలం నూనె డ్రమ్ము బహుమానంగా ఇచ్చేవాడు. కొళాయి వారానికోసారి వచ్చే చోట డ్రమ్మంటే మాటలా? లేబుళ్లు గీకించి మరీ ఇచ్చేవాడు. ఎంత శుభ్రమైన మనిషో అని చిన్నమ్మ మురిసిపోయేది. సబ్బుతో కడిగి, ఆ కడుగునీళ్లు వంకలో పారబోసి, తాగే నీళ్లు అందులోనే పట్టుకున్నాం. కాలేజీ చదువుకని వాళ్లింట్లో ఉన్న నేనూ తాగాను.

చిన్నమ్మకు రెండుసార్లు గర్భం పోయింది. రెండోసారి కర్నూలులో చూపిస్తే, డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగింది. ఆ నూనె వల్లే అని రాసివ్వలేను గానీ, కడుపుతో ఉన్నవాళ్లు దాని దగ్గరికే పోకూడదు, ఆ డ్రమ్ముల్లో నీళ్లు అసలు తాగకూడదు అంది. డ్రమ్ముల మీద ఆ మాట రాసే ఉంటుంది గదమ్మా అని కూడా అంది. చిన్నమ్మ ఏడవలేదు. ఇంటికి రాగానే డ్రమ్మును వాడకం నీళ్లకు మార్చి, తాగే నీళ్లు బిందెల్లో పట్టింది.

ఆ ఎండాకాలమే షావుకారు కూతురి పెళ్లికి పిలవడానికి మా వీధికి వచ్చాడు. పిలుపుకు వచ్చినవాళ్లు మంచినీళ్లన్నా తాగి పోవాలి మా దగ్గర. చిన్నమ్మ అతని కళ్లముందే డ్రమ్ము మూత తీసి చెంబు ముంచి ఇచ్చింది. అతను అందుకోలేదు. కార్లో బాటిలు ఉందన్నాడు.

"నువ్వు ఇచ్చిన డ్రమ్మే గదన్నా. నాలుగేండ్లు మేం తాగినాం. నువ్వు ఒక్క గుక్క తాగలేవా?"

అతను చెమట తుడుచుకుని కారెక్కాడు. తెలియక చేశాడేమోనని నాలో మిగిలిన కాస్త అనుమానమూ ఆ కారుతోనే పోయింది.

పెళ్లినాడు మా వీధి ఆడవాళ్లు డ్రమ్ములన్నీ దొర్లించుకుంటూ పోయి కల్యాణమండపం వాకిట్లో వరసగా నిలబెట్టారు. ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టారు. ఇవేమిటని మగపెళ్లివాళ్లు అడిగారు.

"మా అన్న మాకు పెట్టిన సారె. తిరిగి ఇచ్చేస్తాండాం" అంది చిన్నమ్మ. అందులో ముందు ఏముండేదో, తనకేం పోయిందో, అందరికీ వినబడేలా చెప్పింది. వియ్యంకుడి ముందు షావుకారు మొహం నల్లబడిపోయింది. నాకు అయ్యో అనిపించలేదు. ఈరోజుకీ ఆ మొహం తలుచుకుంటే హాయిగా ఉంటుంది.

పెళ్లి ఆగలేదు. మరుసటి నెలకు షెడ్డులో ఫ్యాన్లు తిరిగాయి, చేతులకు తొడుగులొచ్చాయి. చిన్నమ్మ మళ్లీ ఆ గేటు తొక్కలేదు. ఆమెకు మళ్లీ నెల తప్పనూ లేదు.

ఎన్నేళ్ల కిందటి మాట, ఇక వదిలెయ్యమంటారు మావాళ్లు. ఎన్నేళ్లయిందో నాకు బాగా తెలుసు. ఆ రెండో బిడ్డ పుట్టి ఉంటే ఈ ఏడు ఇంటరు పూర్తిచేసి ఉండేది.