లోమే బజారు నుంచి వచ్చిన ఆంటీ

పై ఫ్లాట్ ఆంటీ పోయారని ఆదివారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక ఈ బిల్డింగ్‌లో నాకు దిక్కెవరు అనిపించింది.

జెర్సీ సిటీలో మాది చీరల కొట్టు. కొట్టు వెనక గదుల్లో మా కాపురం, మా నెత్తిన ఆంటీ కాపురం. ఆవిడది పశ్చిమ ఆఫ్రికాలో టోగో అనే చిన్న దేశం. దాని రాజధాని లోమేలో పెద్ద బజారుంది. ఆంటీ అక్కడే వయసంతా అచ్చు గుడ్డలు అమ్మారు. గుడ్డల వ్యాపారం ఆడవాళ్లదేనట, దేశానికి పెద్ద అతిథులొస్తే ప్రభుత్వం ఈ ఆడవాళ్ల కార్లే అరువు అడిగేదట.

“మరి మగవాళ్లేం చేసేవారు ఆంటీ?” అని అడిగితే, “మా కార్లు నడిపేవారు” అని గలగలా నవ్వేవారు.

వ్యాపారం దెబ్బతిన్నాక, ఇక్కడ నర్సుగా పనిచేసే కూతురి దగ్గరికి వచ్చేశారు. రోజూ మా కొట్టుకు దిగి, చీరను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నా మడతలకు వంకలు పెట్టేవారు. “అంచు లోపల దాస్తావేం? అరిచి పిలవాల్సింది అదే కదా!” అనేవారు.

ఎనభై ఏడులో మా పేటలో కుర్రమూకలు మనవాళ్లను కొట్టడం మొదలుపెట్టాయి. నుదుట బొట్టు కనిపిస్తే చాలు, కార్లో వెంటపడి తిట్టేవారు, చేతికందింది విసిరేవారు. నేను బొట్టు తీసేశాను. చీరలమ్ముకునే దాన్ని, ప్యాంటు వేసుకుని తిరిగాను. పిల్లలు స్కూల్ నుంచి వచ్చేదాకా కిటికీ వదిలేదాన్ని కాదు. ఒకరోజు మా కొట్టు అద్దం పగలగొట్టారు. “లైఫ్ ముఖ్యమా, చీరలు ముఖ్యమా? శనివారం షాప్ వెకేట్ చేస్తున్నామని ఓనర్‌కి చెప్పేస్తా” అన్నారు మా ఆయన. కొట్టు మూసి లోపల కూర్చున్నాను. ఆ కొట్టు తప్ప ఈ దేశంలో నాదనేది ఏమీ లేదు.

శుక్రవారం ఆంటీ దిగివచ్చి చెయ్యి చాపారు. “తాళంచెవి ఇవ్వు. మా బజార్లో ఒకామె రాలేకపోతే పక్కామె కొట్టు తెరుస్తుంది. మూసేసి ఉంచితే కొనేవాళ్లు దారి మరిచిపోతారు.”

కాదనలేక ఇచ్చాను. కాసేపటికి తలుపు సందులోంచి చూశాను. నా కొట్టులోని చీరే తీసి, వాళ్ల పద్ధతిలో ఒంటికి చుట్టి, నుదుట ఎర్రటి స్టిక్కర్ బొట్టు పెట్టుకుని కూర్చున్నారు.

“ఆంటీ, అది తీసేయండి! వాళ్లు చూసేది దాన్నే!”

“తెలుసు. పక్కామె కొట్టులో పక్కామె మనిషిలాగే కూర్చోవాలి. నాలా కూర్చుంటే కొట్టు చేతులు మారిందనుకుంటారు.”

నేను లోపలికి పరిగెత్తి గొళ్లెం పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఒక కారు ఆగిన చప్పుడు. కేకలు, నవ్వులు, గుమ్మంలో సీసా భళ్లున పగిలిన శబ్దం. కారు వెళ్లిపోయింది. ఆంటీ గొంతు మాత్రం వినపడలేదు. పిలిచాను, పలకలేదు. గొళ్లెం తీసి బయటికి వచ్చాను.

ఆంటీ బల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. దెబ్బ తగల్లేదు. మోకాళ్లు మాత్రం గడగడలాడుతున్నాయి.

“భయమేసిందా ఆంటీ?”

“వేయకేం? మా బజార్లోకి సిపాయిలు వచ్చినా ఇలాగే వణికేదాన్ని. చీపురు తే, కొనేవాళ్ల కాళ్లకు గాజు గుచ్చుకుంటుంది.”

వీధికి అటూ ఇటూ చూసుకుంటూ ఊడ్చాను. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఇద్దరం బల్ల వెనకే ఉన్నాం. ఖాళీ చేసే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, కొట్టు వదల్లేదు. భయం కూడా నన్ను వదల్లేదు.

ఆంటీ పోయిన మర్నాడు కూతురు కొట్టుకు వచ్చింది. వాళ్ల ఆచారం ప్రకారం అంత్యక్రియలకు ఆడవాళ్లంతా ఒకే గుడ్డ కట్టుకోవాలట. తమ భాషలో ఏదో పేరు చెప్పి, సీసా పగిలిన రోజు ఆంటీ కట్టిన రకం చీరే చూపించింది.

“ఏం పేరది?” అన్నాను.

“మా బజార్లో కొత్త రకానికి ఆడవాళ్లే పేరు పెడతారు సిస్టర్. పేరు పడితేనే అమ్ముడవుతుంది. దీనికి అమ్మ పెట్టింది, ‘గొళ్లెం తీసి వచ్చింది’ అని.”

శనివారం చర్చిలో ముందు వరుసల నిండా ఆ చీరే. అంతమంది కొత్తవాళ్ల మధ్యకు వెళ్లలేక గుమ్మంలోనే ఆగిపోయాను. ఒక ముసలావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చీర పేరుతోనే నన్ను పిలిచి, పక్కకు జరిగి చోటిచ్చింది.