రెండు నూళ్ళ లూజు

జాన్ పాల్ కూర్చున్నా అతని కాళ్ళు కూర్చోవు. ముప్ఫై ఏళ్ళుగా మిషను తొక్కిన కాళ్ళాయె, ఊరికే ఉన్నా నేలని తొక్కుతూనే ఉంటాయి. ఈ జూన్‌లో మాత్రం మిషను ముందు కూడా నిలకడ లేదు. ఒక చొక్కాకి చెయ్యి అతికిస్తాడు, లేస్తాడు, రోడ్డు మీదకొచ్చి ఇంటివైపు చూస్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఇల్లు రెండు సందుల అవతల, ఇక్కణ్ణుంచి కనపడదు. కనపడదని తెలిసీ చూడటమే.

అనకాపల్లి పూడిమడక రోడ్డులో జెంట్స్ టైలర్ జాన్ పాల్ అంటే బడిపిల్లలున్న ఇళ్ళన్నిటికీ తెలుసు. అతను కుట్టిన నిక్కరు మొదటి ఏడాది జారిపోతుంది, రెండో ఏడాది సరిపోతుంది, మూడో ఏడాది తమ్ముడికి పోతుంది. ఎవరైనా అడిగితే "గుంటలు ఎదుగుతారు కదేటి?" అంటాడు. ప్రతి కొలతకీ రెండు నూళ్ళు, అంటే ఓ పావంగుళం, కలిపి కత్తిరించడం అతని పద్ధతి.

ఇంట్లో ఉన్నది భార్య అప్పలనర్సమ్మ. సొంత మేనమామ కూతురు. బాప్తిస్మంలో రూతు అని పేరు పెట్టారు గానీ ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు, పాస్టరుగారే మరిచిపోయి అప్పలనర్సమ్మా అని పిలుస్తారు. మొగుడు చొక్కా కుడితే కాజాలు, గుండీలు ఆమెవి. దుకాణంలో సగం మాటలు కూడా ఆమెవే. ఆమె రావడం మానేశాక అక్కడ మిషను చప్పుడొకటే మిగిలింది.

ఏప్రిల్‌లో ఆమెకి పెద్దపేగు చివర గడ్డ ఉందని విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీసేశారు. లోపల కుట్టిన చోటు మానేదాకా చిన్నపేగుని బొడ్డుకి కుడిపక్కన పొట్ట మీదకి తెచ్చి, చిన్న మూతిలా బయట పెట్టారు. దాని చుట్టూ చర్మానికి అతుక్కునే ప్లేటు, ఆ ప్లేటుకి సంచి. తిన్నదంతా నీళ్ళనీళ్ళగా ఆ సంచిలోకే వస్తుంది.

"ఆగస్టులో పేగు మళ్ళీ లోపల పెట్టేద్దాం," అన్నారు డాక్టరుగారు. "కానీ మనిషి యాభై కిలోలుండాలి, మూతి చుట్టూ చర్మం బాగుండాలి. ఆ రెండూ లేకపోతే నేను కత్తి పట్టను."

ప్లేటు మధ్యలో బెజ్జం మనమే కత్తిరించుకోవాలి. వార్డులో సిస్టరు ఒక అట్టముక్క ఇచ్చింది, దానికి చిన్నవీ పెద్దవీ గుండ్రటి బెజ్జాలున్నాయి. ఏది మూతికి సరిపోతే అదే కొలత. "ఇప్పుడు వాచి ఉంది, తర్వాత తగ్గుతుంది. ప్రతిసారీ కొలిచి కత్తిరించండి" అని మరీ మరీ చెప్పింది. అన్ని మాటల్లోనూ జాన్ పాల్‌కి వినపడింది చివరి మాటే. పదిరోజులుగా ఆసుపత్రి వరండాలో ఎవరికీ పనికిరాకుండా తిరిగిన మనిషి. కత్తిరించండి అనగానే మొహం వెలిగిపోయింది.

"కత్తెర సంగతి నాకొగ్గెయ్ సిస్టరమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చిన రోజే మూడు డబ్బాలు విప్పి, వార్డులో కొలిచిన అంగుళమున్నరకి రెండు నూళ్ళు కలిపి, ముప్ఫై ప్లేట్లూ ఒక్క ఊపున కత్తిరించేశాడు. ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు. దొంతర పెట్టి తువ్వాలు కప్పాడు.

మొదటి మూడు వారాలు బాగానే గడిచాయి. మూడు రోజులకోసారి పొద్దున్నే, ఆమె ఏమీ తినకముందు, వేడినీళ్ళు, మెత్తటి గుడ్డ పట్టుకుని అతనే ప్లేటు మార్చేవాడు. ఆమె మొహం గోడకి తిప్పుకునేది. తన పొట్ట మీద ఉన్నదేమిటో ఒక్కసారైనా చూడలేదు.

మే చివర్లో కారడం మొదలైంది. మూడు రోజులుండాల్సిన ప్లేటు ఒక్కరోజు నిలవడం లేదు. కారిన నీరు చర్మాన్ని కాల్చేస్తోంది. జాన్ పాల్ మందుల దుకాణానికెళ్ళి త్రినాధరావు మీద పడ్డాడు.

"ఇదేం జిగురయ్యా? మా గుండీల డబ్బా మీద చీటీ ఇంతకన్నా గట్టిగా అంటుకుంటాది!"

"అందరికీ అంటుకుంటంది గురువుగారూ, మీ ఒక్కరికే ఊడిపోతంది," అన్నాడు త్రినాధరావు.

జాన్ పాల్ ప్లేటు పైన టేపు వేశాడు. నడుముకి గుడ్డ బెల్టు కుట్టాడు. ఏం చేసినా కారుతూనే ఉంది. అప్పలనర్సమ్మ తన ఉపాయం తాను కనిపెట్టింది. తినడం మానేసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అడిగాడు, "ఏటి తిన్నావే?"

"అన్నం."

"ఎంత?"

"నీ తలకాయంత. పోయి మిషను తొక్కుకో బావా, నా పేణం తియ్యకు."

గిన్నె మూత తీసి చూస్తే అన్నం వండినట్టే ఉంది.

"ఇలగైతే ఆగస్టు అవ్వదే."

"అవ్వకపోతే మానీ. లోపలికి పోతేనే కదేటి బయటికొచ్చీది? నానేటీ తినను, అదేటీ కక్కదు. ఇద్దరం సుకంగా ఉంటాం."

ముందురోజే మందుల దుకాణంలో కాటా మీద నిలబెట్టి తూచాడు. నలభై మూడు. అతను గిన్నె మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఇంట్లో ఉండలేక దుకాణానికి, దుకాణంలో ఉండలేక ఇంటికి, ఆ వారమంతా అదే తిరుగుడు.

గురువారం పొద్దున్న చీడికాడ నుంచి నూకరాజు దిగాడు. చెరుకు రైతు, బెల్లం మార్కెట్టుకి వచ్చినప్పుడల్లా బట్టలు ఇక్కడే. కుట్టిన కొత్త పేంటు తొడుక్కుని, నడుము దగ్గర గుప్పిట్లో బిగించి పట్టుకుని నిలబడ్డాడు.

"మావా, ఇందులో నానూ మా యావిడా ఇద్దరం దూరొచ్చు."

"నీ కొలతే కదరా, పుస్తకంలో రాసి ఉన్నాది."

"ఎప్పుడు రాసేవు? సుగరొచ్చి పన్నెండు కిలోలు తగ్గేను. ఎదురుగా మడిసుంటే పుస్తకం సూసి కుట్టీడమేటి మావా? మడిసి ఎదగడమేనా, తగ్గడేటి?"

జాన్ పాల్ చేతిలో సుద్దముక్క కింద పడింది. తర్వాత తగ్గుతుంది. సిస్టరు గొంతు ఇప్పుడు వినపడింది, రెండు నెలలు ఆలస్యంగా. మెళ్ళో టేపుతో అలాగే రోడ్డెక్కాడు.

"ఓ మావా! నా పేంటు!" అంటూ నూకరాజు గుప్పిట వదల్లేక గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఇంట్లోకి వచ్చీరాగానే, "నర్సమ్మా, కొలవాలి," అన్నాడు.

"ఏటి కొలుత్తావు? శవప్పెట్టెకా?"

"ఊరుకోవే!"

క్యాలెండరు వెనక దోపిన అట్టముక్క వెతికి తీశాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ప్లేటు విప్పి, తుడిచి, అట్టని మూతి మీద ఆనించాడు. పెద్ద బెజ్జం వదులు. దాని తర్వాతదీ వదులు. మరొకటి దాటి ఇంకోటి పెడితే అప్పుడు సరిపోయింది. అంగుళం మీద ఒక్క నూలు. ఎప్పుడో ఏప్రిల్‌లో అంగుళమున్నర. దానికి తన రెండు నూళ్ళు. మూతి చుట్టూ, ప్లేటు కప్పాల్సిన చోట, గాజు మందాన పచ్చిపుండు. జిగురుది తప్పు కాదు.

నేల మీద కూలబడ్డాడు. కాళ్ళు మొదటిసారి కదలకుండా ఉన్నాయి.

"నానే కాల్చేసేనే నిన్ను. పాత కొలత మీద, ముప్ఫై ప్లేట్లూ."

అప్పలనర్సమ్మ గోడతోనే మాట్లాడినట్టు అడిగింది, "ఎంత లూజెట్టేవు?"

"రెండు నూళ్ళు."

"ఓరి బావా! కాజాకి లూజెడతారేటి ఎవరైనా? గుండీ జారిపోదా?"

అని, మోచెయ్యి ఆనించుకుని లేచి, తలవంచి చూసింది. ఎర్రగా, తడిగా, రేగుపండంత. చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మొహం తిప్పుకోలేదు.

"ఇదేనేటి? ఇంతదానికా ఇంత గోల?" ముక్కు చీది, చెయ్యి చాపింది. "కొత్త ప్లేటొకటి తే. కత్తెర కూడా తే. నువ్వు ముట్టుకోకు."

త్రినాధరావు దగ్గరికి పరిగెత్తాడు, జిగురు గురించి ఒక్క మాట అనలేదు. తెచ్చిన ప్లేటు మీద ఆమె అట్టముక్క పెట్టి గీసుకుని, కాజా కోసినట్టు చిన్న కత్తెరతో తిప్పుకుంటూ కత్తిరించింది. అంచుని వేలితో నునుపు చేసింది. పుండు మీద త్రినాధరావు ఇచ్చిన మందుపొడి చల్లి అతికిస్తే, మూతికీ ప్లేటుకీ మధ్య దూరం ఒక్క నూలుకి తక్కువే.

మజ్జిగన్నం కలిపి ఇచ్చాడు. మూడు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టింది. జాన్ పాల్ గుమ్మందాకా నడిచాడు, వెనక్కొచ్చాడు, మళ్ళీ నడిచాడు.

"కూకోవయ్యా, కళ్ళు తిరుగుతన్నాయి నాకు!"

అంతలో సంచిలో బుడబుడమంది. ఆమె ప్లేటు అంచు చుట్టూ తెల్లగుడ్డతో ఒత్తి చూసింది. అతను చూశాడు. మళ్ళీ ఆమె చూసింది. గుడ్డ పొడిగానే ఉంది. పళ్ళెం దగ్గరికి లాక్కుని నాలుగో ముద్ద తింది.

ఆదివారం పొద్దున్న ప్లేటు విప్పారు. మూడు రోజులూ కదల్లేదు. ఎరుపు ఇంకా ఉంది, తడి మాత్రం ఆరింది. కాటా మీద నలభై మూడున్నర. యాభైకి చాలా దూరం, ఆగస్టు మాత్రం దగ్గర. ఆమె వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టి, వారానికి ఎన్ని కిలోలో వేసుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"బావా, బజార్లో సందువాలు దొరుకుతాయేటి? సేప తినమన్నారు కదేటి డాక్టరుగారు?"

ఆమె మాట పూర్తి కాకముందే అతను గుమ్మం దిగాడు, సందు మలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఓయ్! సంచి!" అని అరిచింది.

జాన్ పాల్ పరుగున వెనక్కొచ్చి, గుమ్మం తట్టుకుని పడబోయి, ఆమె పొట్ట మీదకి వంగి, "ఎక్కడ? ఎక్కడ కారింది?" అన్నాడు.

"సేపలకి సంచయ్యా," అంది అప్పలనర్సమ్మ, మేకుకి వేలాడుతున్న గుడ్డసంచి చూపిస్తూ. "పెద్దవి తే. రెండు పూటలకీ రావాల."