రూతమ్మగారి ఇసుక కుండ

రాజమహేంద్రవరం నుంచి నిన్న సరుకుతో వచ్చిన పడవవాడు మా గుమ్మం ముందు నిలబడి, "పంతులమ్మగారు పోయారమ్మా. మూడు రోజుల జ్వరం, అంతే" అన్నాడు. బిడ్డకు జావ పడుతున్న గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది. మిషను ఆడపిల్లల బడిలో నాకు అక్షరాలు దిద్దించిన రూతమ్మగారి చేతిని కడసారి తాకే భాగ్యం నాకు లేకపోయింది.

రూతమ్మగారి పాండిత్యం గురించి, భక్తి గురించి పెద్దలు రాస్తారు. నాకు తెలిసింది ఆమె కుండల సంగతి.

మాది మండపేట దగ్గర పల్లె. పొలం పనులు చేసే మా ఆడవాళ్ళకు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. మా అమ్మ అంగిట్లో పుండు లేచి బుగ్గ బయటికి పాకింది. ఆసుపత్రి డాక్టరమ్మ చూసి రాచపుండు అని చెప్పింది. అమ్మ వైద్యం కోసం మేము ముగ్గురమూ రాజమహేంద్రవరం చేరి, ఆసుపత్రి వెనుక పాక వేసుకున్నాము. అయ్య కాలవ రేవులో మూటలు దించేవాడు. అమ్మను కట్టు మార్పించడానికి తీసుకువెళ్ళిన రోజు కూలి ఉండేది కాదు. కూలి లేని రోజు పొయ్యి వెలిగేది కాదు.

రూతమ్మగారు మొదటిసారి మా పాకకు వచ్చినప్పుడు అమ్మ చుట్ట దాచబోయి పట్టుబడింది.

"ఇంకా ఏంటి సువార్తమ్మా ఇది?"

"ఇది కూడా మానేస్తే నోరున్నందుకు ఏం సుఖమండి?"

"ఉంది కదా, నాతో పోట్లాడ్డానికి!" అన్నారు ఆమె. చాలా రోజుల తరువాత అమ్మ నవ్వింది. ఆ సాయంత్రం రూతమ్మగారు తన తెల్ల చీర ఒకటి చింపి కట్లకు పంపారు. అందులో ఒక ముక్కను అమ్మ మా బియ్యం కుండ మూతికి వాసెనగా కట్టింది.

మా క్రైస్తవ సంఘంలో ప్రతి ఇల్లాలూ అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆ కుండలన్నీ ఆదివారం గుడి వెనుక గదికి చేరేవి. గదిలోకి రూతమ్మగారు ఒక్కరే వెళ్ళేవారు. ఆరాధన అయ్యాక ఎవరి కుండ వారు, వాసెన విప్పకుండా, నెత్తిన పెట్టుకుని వెళ్ళేవారు. మేము తెల్లవారకముందే ఒట్టి కుండ తెచ్చి గది గుమ్మంలో పెట్టి, నిండు కుండతో వెళ్ళేవాళ్ళము. అయ్య మాత్రం గుడికి వచ్చేవాడు కాదు. "ముష్టి కుండ మోస్తుంటే ఊరంతా చూస్తుందే" అని కుమిలిపోయేవాడు.

ఒక ఆదివారం నేను ఇంటికి వచ్చి కుండను చేటలో వంచితే ఇసుక పడింది.

అయ్య ముఖం నల్లబడింది. "చూశావా మీ పంతులమ్మ చేసిన పని! మనమంటే ఇంత లోకువా? రేపట్నించి బడీ లేదు, గిడీ లేదు. కామందుగారింట్లో పేడ తీద్దువుగాని పద" అన్నాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఇసుకంతా మళ్ళీ కుండలోకి ఎత్తి ఏడుస్తూ పరుగెత్తాను.

రూతమ్మగారు కాలవ గట్టున ఎదురు వస్తున్నారు. ఆమె నెత్తిన మా కుండ ఉంది.

"నా ఇసుక నాకిచ్చెయ్యవే పిల్లా! ఒకే చీర ముక్కలు కదా, గుడ్డ చూసి మోసపోయావు."

"ఇసుకెందుకండి మీకు?"

"నాకే కాదు, బియ్యమిచ్చిన ప్రతి ఇంటికీ ఇసుకే. ఒట్టి కుండైతే నెత్తిమీద ఊగుతుంది. ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో దారిన పోయేవాళ్ళకి తెలిసిపోదూ? అందరి మెడలూ ఒక్కలాగే వంగాలి."

"అయితే మా సంగతి ఎవరికీ తెలీదా అండి?"

"నాకూ దేవుడికీ తెలుసు. మీ అయ్యకి చెప్పు, తలెత్తుకు తిరగమని."

చెప్పాను. అయ్య లేచి పొయ్యి వెలిగించాడు. పై ఆదివారం కుండ తానే భుజాన పెట్టుకుని గుడికి నడిచాడు. నా బడి మాట మళ్ళీ ఎత్తలేదు. తొలకరి పడే వేళకు అమ్మ మా పాకలోనే, మా ఇద్దరి మధ్యనే కన్నుమూసింది. నేను చెన్నపట్నం కళాశాల దాకా వెళ్ళింది ఆ కుండ చలవే.

కిందటి వేసవిలో బిడ్డను తీసుకువెళ్ళి రూతమ్మగారికి చూపించాను. చేతుల్లో ఎత్తి బరువు చూసి, "ఇసుక కాదే, బియ్యమే!" అన్నారు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది. బిడ్డ దగ్గినప్పుడల్లా గుండె జారిపోయే నాకు, ఆమె ఉన్న ఊరు పడవ దూరంలోనే ఉందన్నది ఎంత ధైర్యంగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

ఇక్కడ రామచంద్రపురంలో మా గుడికి వచ్చే నేతగాడి భార్యకు రొమ్ములో రాచపుండు. ఆమె దగ్గర కూర్చుని అతను మగ్గం ఎక్కడం లేదు. వచ్చే ఆదివారానికి కుండలు తెమ్మని నాలుగిళ్ళలో చెప్పి వచ్చాను. ఈ సాయంత్రం కాలవకు వెళ్ళి ఒక కుండ ఇసుక ఎత్తుకున్నాను. నాలుగు అడుగులకే మెడ పట్టేసి, దింపుకుని గట్టున కూర్చున్నాను. ఇన్నేళ్ళూ సంఘమంతటికీ సరిపడే ఇసుకను గోదావరి నుంచి ఒక్కరే ఎలా మోశారు, పంతులమ్మగారూ? అడగడానికి మీరు లేరు. లేచి, మళ్ళీ నెత్తికి ఎత్తుకున్నాను.