పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా

జీవన్‌ది త్రిపురారం దగ్గర ఒక తండా. మిర్యాలగూడలో ఫోన్ల రిపేరు షాపులో పని. కోదాడలో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లలో చెప్పింది చెప్పినట్టు చేసేది అతనొక్కడే. చివరికి కొంప ముంచిందీ అదే.

వాళ్ల పొలాలు కాలువ చివర. నీళ్లు వంతులవారీగా వదులుతారు. వంతు రోజున పోయి తూము తెరుచుకోకపోతే పైవాళ్లు మళ్లించుకుంటారు. అందుకే తండా నుంచి ఎవరో ఒకరు గట్టు మీద కాపలా ఉండేవారు. జీవన్ ఆ బాధ తప్పించాడు. కాలువ నీళ్లు వదిలే లష్కరు పంపే మెసేజీల్లో తమ తూముల నంబర్లు, పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా, ఏది కనబడినా నలభై ఇళ్లకు రికార్డు చేసిన తన గొంతుతో ఫోన్ వెళ్లేలా షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. రెండేళ్లు బాగా నడిచింది. కాపలా మానేశారు.

ఫిబ్రవరిలో దాన్ని నాకు చూపించాడు. మెచ్చుకుని ఊరుకోవచ్చుగా?

"ఆ 1[4-9] చుట్టూ కోట్స్ ఏవయ్యా? నేను నేర్పిన పద్ధతి మర్చిపోయావా?" అని గదమాయించాను. అన్నింటికీ ఆ కొటేషన్ గుర్తులు పెట్టించడం నా చాదస్తం.

"సరే సార్" అని పెట్టేశాడు.

కోట్స్ లేనప్పుడు ఆ గుర్తుకు పద్నాలుగు మొదలు పంతొమ్మిది దాకా ఏదైనా సరే అని అర్థం. కోట్స్ పెట్టాక కంప్యూటర్ ఆ బ్రాకెట్లనే అక్షరాలా వెతికింది. ఏ లష్కరు బ్రాకెట్లు పెట్టి మెసేజ్ రాస్తాడు? తప్పుందని కూడా చెప్పలేదు ఆ దిక్కుమాలిన స్క్రిప్టు. గమ్మున కూర్చుంది.

వంతు వచ్చింది, ఒక్క ఇంటికీ ఫోన్ వెళ్లలేదు, వంతు పోయింది. వరి పొట్ట మీద ఉంది, నీళ్లు తప్పనిసరైన సమయం. మళ్లీ వంతుకు పన్నెండు రోజులు.

సంగతి తెలిసి మధ్యాహ్నం తండాకు వెళ్లాను. జీవన్ తల్లి మంగ్లీ నన్నేమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీళ్లు మల్లెప్పుడొస్తయి సార్? పొలం నెర్రెలు బాసింది" అని అడిగింది.

"కోట్స్ తీసేసిన సార్. పనిచేస్తదో లేదో సూస్త" అని జీవన్ పాత మెసేజ్ మీద స్క్రిప్టు నడిపాడు. ఫోన్లు వెళ్లకుండా ఆపాలని ఇద్దరికీ తట్టలేదు.

పనిచేసింది. మంగ్లీ ఫోన్ మోగింది. పక్కింట్లో, ఆ పై ఇంట్లో కూడా మోగింది. "నీళ్లొచ్చినయ్, జల్ది పోయి తూము తెర్వుండ్రి" అంటోంది ఫోన్లో జీవన్ గొంతు.

మంగ్లీ పార అందుకుంది.

"యాడీ, ఆగు! అది పాతది!" అని జీవన్ అరిచాడు. తల్లి వినలేదు. ఇళ్లలోంచి ఒక్కొక్కరే పారలతో బయటికొచ్చి ఎండిన కాలువ వైపు పరుగెత్తారు. వాళ్ల వెనక అరుస్తూ జీవన్ పరుగెత్తాడు. వాళ్లు మాత్రం ఫోన్లో విన్న గొంతునే నమ్మారు.